పేర్లు మోసిన గోడ

గోడలకు చెవులుంటాయంటారు. మా ఆసుపత్రి గోడకు పేర్లుండేవి.

ఆమదాలవలస నుంచి ఆటోలో వచ్చేవాళ్లకు రైలు గేటు దాటగానే మొదట కనిపించేది ఆ గోడే. తూర్పు ముఖం, కింద మందుల గది, పైన కాన్పుల వార్డు. నేను ఆ వార్డులో నర్సును. పేరు స్వర్ణ. నాకు నోరెక్కువని ఇంట్లోనూ అంటారు, ఆసుపత్రిలోనూ అంటారు. ఈ సంగతి చెప్పడానికి ఆ నోరే కావాలి.

మా క్రైస్తవ మిషను వాళ్లకు ఒక అలవాటుంది. ఇంట్లో మనిషి పోతే ఆ మనిషి జ్ఞాపకంగా చర్చికో ఆసుపత్రికో ఏదైనా ఇస్తారు. ఇచ్చినదాని మీద పోయినవాళ్ల పేరు రాయిస్తారు. బల్లల వెనక పేర్లు, గంట మీద పేరు, మంచినీళ్ల డ్రమ్ము మీద పేరు. ఆఖరికి ఫ్యాను రెక్కల మీద కూడా పేర్లే. ఫ్యాను తిరుగుతుంటే అక్షరాలు కనపడవు కాబట్టి మా చర్చిలో పోయినవాళ్లు గుర్తొచ్చేది కరెంటు పోయినప్పుడే. ఎగతాళి చేస్తున్నాననుకోకండి. అందులో ఒక ఫ్యాను మీద మా నాన్న పేరుంది. కరెంటు పోయిన ఆదివారం నేనూ తలెత్తి చూసుకుంటాను.

తిత్లీ తుపానుకు పాత కాన్పుల వార్డు పెంకులు ఎగిరిపోయాయి. కొత్తది కట్టించమని కమిటీ వాళ్ల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులరగదీసిన మనిషి పరంజ్యోతి సిస్టరుగారు. ఆవిడ మా వార్డుకు పెద్ద నర్సు. చుట్టుపక్కల ఊళ్లలో మీసాలొచ్చిన కుర్రాళ్లు సగంమంది మొదట ఆవిడ చేతుల్లోనే పడ్డారు. భర్త రాబర్ట్ గారు ఇక్కడే కాంపౌండరుగా చేసి పోయారు. ఆసుపత్రి వెనక క్వార్టరులో ఆవిడ ఒక్కతే ఉంటుంది. కొత్త వార్డు ప్లాను గీసినప్పుడు ఆవిడ ఒక్కటే అడిగింది.

"పుట్టిన పిల్లల్ని ఎచ్చగా ఉంచడానికి గది ఒకటి కావాల బాబూ. ఎలుతురు పడేలా ముందరి గోడ పక్కనే ఎయ్యండి."

అలాగే వేశారు. ఆ గోడే మా కొంప ముంచింది.

కట్టించిన ఇంజినీరు మోహనకృష్ణ, విజయనగరం అబ్బాయి. చెడ్డవాడు కాదు. అటు విజయనగరంలో ఒక కట్టడం, శృంగవరపుకోటలో ఇంకొకటి చూసుకుంటూ మాది మధ్యలో పెట్టుకున్నాడు. మా కట్టడాన్ని అతను ఫోనులోనే కట్టాడని వాచ్‌మన్ కూర్మయ్య అనేవాడు. అది నిజమే. నీళ్లు పట్టకుండా కోటింగు పూసేవాళ్లు తమ వంతు రాగానే వచ్చి గోడంతా శుభ్రంగా పూసి పోయారు. అప్పటికి కిటికీలు రాలేదు. కిటికీలు వచ్చేసరికి వాటికోసం వదిలిన ఖాళీలు ఇరుకయ్యాయి. అద్దాల పని గోపి సుత్తీ ఉలీ తీసుకుని అంచులన్నీ చెక్కి, కిటికీలు బిగించాడు. చెక్కుతో పాటు కోటింగు కూడా ఊడి కింద పడింది. మళ్లీ పూయించాలి కదా అని కూర్మయ్య అడిగితే గోపి భుజాలెగరేశాడు.

"నాది అద్దం పని మావా. పూత సంగతి పూతోడినడుగు."

పూతోడు అప్పటికి పలాసలో ఉన్నాడు. రాళ్లు అతికేవాళ్లొచ్చి చెక్కిన చోట్లు కనపడకుండా గోడ అందానికి వేసే ఎలివేషన్ రాయి అతికేశారు. కిటికీ చట్రానికీ గోడకీ మధ్య మిగిలిన సందులో ఎవడో సిమెంటు సంచీ కాగితం కుక్కాడు. రంగులవాడు దానిమీద లప్పం పెట్టి నున్నగా తీశాడు. ఆ సందు ఎవరి పనీ కాదు. పదిమందిలో పాము చావదని ఊరికే అన్నారా? రంగులయ్యాక గోడ పెళ్లికూతురులా ఉంది. పైన పటారం, లోన లొటారం.

ప్రతిష్ఠ రోజున విజయనగరం నుంచి పెద్ద పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి రిబ్బను కత్తిరించారు. ఆ మరుసటి వారం నుంచి మొదలయ్యాయి రాళ్లు.

కానుకలిచ్చిన కుటుంబాలకు ఫ్యాను రెక్కలు కంటికి ఆనలేదు. అందరికీ ఆ గోడ మీదే పేరు కావాలి. ఎవరి రాయి వాళ్లు చెక్కించుకున్నారు, ఎవరి మేస్త్రీని వాళ్లు తెచ్చుకున్నారు. ఒకరిది టెక్కలి నీలం రాయి, ఇంకొకరిది తెల్లరాయి. ప్రతి రాయికీ నాలుగు మూలలా డ్రిల్లింగు మిషనుతో బెజ్జాలు వేసి బోల్టులు బిగించారు. డ్రిల్లు పెట్టేది చచ్చిపోయినవాళ్ల పేరు కోసమైతే వద్దనేది ఎవరు? కమిటీ కార్యదర్శి విక్టర్ గారు కుర్చీ వేసుకుని కూర్చుని, రాయి వంకర లేకుండా చూసేవారు. మా మిషను వాళ్లే కాదు. పక్క ఊరి రైతు నారాయణమూర్తి గారు తన కూతురు ఒకప్పుడు ఇక్కడ క్షేమంగా పుట్టిందని తన తల్లి లక్ష్మీనరసమ్మ పేరున మంచాలిచ్చి, పైన శంఖుచక్రాలు చెక్కిన రాయి పెట్టించుకున్నారు. పరంజ్యోతి సిస్టరుగారు కూడా రాబర్ట్ గారి పేరున చిన్న రాయి పెట్టింది. గోడ నిండా పేర్లే.

ఆషాఢంలో తూర్పు గాలితో మొదటి పెద్ద వాన పడింది. పిల్లల గదిలో గోడకు చెమట పట్టింది. తరవాతి వానకు మరకలు, ఆ తరవాత ధార. సున్నం ఉబ్బి పెచ్చులు పెచ్చులుగా రాలింది. పుట్టిన పిల్లలను వెచ్చగా ఉంచే వార్మర్లు ఆ గోడ పక్కనే ఉంటాయి. ఒక పొద్దున సిస్టరుగారు పసిగుడ్డును తీయబోతూ వార్మరు అంచు పట్టుకుని ఒక్క విసురున వెనక్కి పడింది. షాకు. అదృష్టం ఏమిటంటే అప్పటికింకా రెండో చెయ్యి బిడ్డకు తగల్లేదు. పడ్డచోటు నుంచే నన్ను కేకేసింది.

"స్వర్ణా, ముందు మెయిను ఆపు! పిల్లలు, పిల్లలు!"

నేను స్విచ్చి ఆపి వచ్చేసరికి ఆవిడ లేచి నిలబడింది. షాకు తిన్న చేత్తోనే ఒక్కొక్క బిడ్డనూ తీసి తల్లుల గుండెల మీద పడుకోబెట్టింది. ఆ రోజు ఆ గదిలో కరెంటు తీసేశాం.

శ్రీకాకుళం నుంచి వచ్చి కాన్పులు చూసే డాక్టరమ్మ దుర్గాభవాని గారు గోడ దగ్గరకంటా వెళ్లి చూశారు. తరవాత కమిటీ వాళ్లను పిలిచి ఖచ్చితంగా చెప్పారు.

"వచ్చే వానల్లోగా ఈ గోడ ఆరాలి. మళ్లీ ఒక్కసారి ఈ గది తడిసిందంటే నేను రాను. వార్డు మూసెయ్యడమే."

వార్డు మూస్తే ఏమవుతుందో పట్నంలో ఉన్నవాళ్లకు తెలియదు. మాకవతల ఊళ్లవాళ్లు శ్రీకాకుళం వెళ్లాలంటే మా ఊరి మీదుగా వచ్చి గెడ్డవాగు దాటాలి. వానాకాలం గెడ్డ పొంగితే ఆటో ఇవతలి ఒడ్డునే ఆగిపోతుంది. నొప్పులు ఆగవు. పాత రోజుల్లో గెడ్డ ఒడ్డున పోయిన తల్లుల పేర్లు సిస్టరుగారికి తెలుసు. వాళ్లకెవరూ రాళ్లు పెట్టించలేదు.

వానలు తగ్గాక మోహనకృష్ణ వచ్చాడు. సిస్టరుగారు పట్టుబట్టి గోపినీ, పూతవాళ్లనూ, రాయి అతికినవాళ్లనూ ఒకే రోజు రప్పించింది. గోడ మొదలెట్టిన దగ్గర్నుంచి వాళ్లందరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే మొదలు. మొహాలు చూసుకోగానే కొట్లాట మొదలైంది.

"నేను పూసి ఎల్లినప్పుడు బొట్టు దిగలేదు. ఈడు సెక్కి పాడుసేసేడు."

"ఖాళీ ఇరుగ్గా వదిలితే నా నెత్తిన పెట్టుకోమంటావేటి కిటికీని?"

"మీరిద్దరూ సరిగ్గా సేస్తే నా రాయి ఎందుకు ఉబ్బుతాది?"

సిస్టరుగారు వినీ వినీ లేచింది. "నాయనా, తప్పెవడిదో దేవుడి దగ్గర తేల్చుకుందురు గాని. నీళ్లెక్కడ దిగతన్నాయో అది సూడండి."

పైపు పెట్టి గోడను ముక్కముక్కగా తడిపారు. లోపల నేనూ ఆవిడా నిలబడి చూశాం. కిటికీల పక్క సందుల్లోంచి కొంత దిగింది. అసలు ధార మాత్రం పేర్ల రాళ్ల బోల్టుల దగ్గర నుంచే దిగింది. ఒక్కొక్క బోల్టూ ఒక్కొక్క బెజ్జం. మోహనకృష్ణ తల గోక్కున్నాడు.

"కిటికీలు మేం బాగు చేస్తాం. పేర్ల రాళ్లన్నీ తీసేసి, బెజ్జాలు పూడ్చి, మళ్లీ మొత్తం పూత వేయాలి. లేదంటే ఎంత చేసినా ఇంతే."

విక్టర్ గారి మొహం మాడిపోయింది. "చచ్చిపోయినోళ్ల పేర్లు పీకమని ఏ ఇంటికెల్లి సెప్పమంటావు? నావల్ల కాదు బాబూ."

ఎవరివల్లా కాలేదు.

"ముందు మా ఆయనది తియ్యండి" అంది సిస్టరుగారు.

గోపి నిచ్చెన ఎక్కి రాబర్ట్ గారి రాయి బోల్టులు విప్పాడు. ఊడదీయగానే దాని వెనక నుంచి ఎర్రటి తుప్పు నీళ్లు గోడ మీద జారాయి. నాకు ఏడుపొచ్చింది. ఆవిడకు రాలేదు. రాయిని కొంగుతో తుడిచి కూర్మయ్య చేత క్వార్టరుకు పట్టించింది. సాయంత్రం నేను వెళ్లేసరికి ఆవిడ మంచం పక్కన గోడకు ఆనించి ఉంది.

"సూసేవా? ఇన్నాళ్లకు ఇంటికొచ్చేడు" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నేను ఎక్కువసేపు కూర్చోలేకపోయాను.

తరవాత ఆవిడ ఇల్లిల్లూ తిరిగింది. నేను వెంట ఉన్నాను. కొందరు కాఫీ ఇచ్చి ఒప్పుకున్నారు, కొందరు కాఫీ ఇచ్చి ఒప్పుకోలేదు. ఒకావిడ పోయిన కొడుకు ఫొటో తెచ్చి మా మధ్య పెట్టి ఏడ్చింది. సిస్టరుగారు ఆవిడతో కలిసి కూర్చుని ఏడ్చి, లేచేముందు మళ్లీ రాయి సంగతే అడిగింది. ఆ పట్టుదల చూస్తే ఒక్కోసారి నాకే భయం వేసేది.

అందరిలోకి మొండివాడు నారాయణమూర్తి గారు. కళ్లంలో ధాన్యం తూర్పారబోస్తూ మా వైపు చూడకుండానే మాట్లాడాడు.

"మా అమ్మ పేరు నలుగురూ సూసేచోట పెట్టించేను. ఇప్పుడు దించితే ఊళ్లో ఏటనుకుంటారు? దించడానికి ఈల్లేదు సిస్టరమ్మా."

"నీ కూతురు శ్రావణి పుట్టినప్పుడు ఏడవలేదు, గుర్తుందా మూర్తీ?"

అతను చేట ఆపాడు.

"నల్లగా అయిపోయింది. నువ్వు వరండాలో గోడకు తలకొట్టుకుంటన్నావు. నాను బోర్లించి ఈపు తడతానే ఉన్నాను. అప్పుడేడ్చింది. ఇప్పుడా పిల్లే కడుపుతో ఉంది కదా? ఆ గది మూసేస్తే రేపు ఎవరు తడతారు నీ మనవడికి? మీ అమ్మ పేరా?"

అతను మళ్లీ చేట అందుకున్నాడు. మేము లేచి వచ్చేశాం. మర్నాడు పొద్దున్నే బండి కట్టుకుని వచ్చి, తల్లి పేరున్న రాయిని తనే దింపి భుజాన పెట్టుకుని వెళ్లిపోయాడు. అది చూశాక మిగిలినవాళ్లు కూడా ఒకరి తరవాత ఒకరు దింపుకున్నారు.

ఆ మాఘమాసమంతా సిస్టరుగారికి డ్యూటీ అయ్యాక ఇంకో డ్యూటీ. పరంజాకు సరుగుడు కర్రలు కట్టిన గోడ ముందు గొడుగేసుకుని కుర్చీలో కూర్చునేది. గోపి కిటికీ సందు నింపితే పూతవాడు వచ్చి చూసేదాకా గోపిని కదలనిచ్చేది కాదు. పూతవాడు పూస్తే రాయివాడు వచ్చేదాకా వాణ్ని పోనిచ్చేది కాదు. "ఒరే, నువ్వెల్లిపోతే ఆడొచ్చి నీ పని సెడగొడతాడు. ఆడెల్లిపోతే నువ్వు సెడగొడతావు. ఇద్దరూ ఒక్క కర్ర మీద నిలబడండి" అనేది. తిట్టుకుంటూనే నిలబడ్డారు. చివరికి వాళ్లు ఒకే క్యారియరులో అన్నం పంచుకుని తినడం నేను చూశాను. మళ్లీ పైపు పెట్టి తడిపితే లోపల ఒక్క బొట్టు దిగలేదు.

రాళ్లన్నీ లోపలి తోటలో ప్రహరీ గోడకు పెట్టుకోవచ్చునన్నారు. ముందరి గోడకు ఇకముందు ఎవరూ డ్రిల్లింగు మిషను పెట్టకూడదని కమిటీలో అనుకున్నారు. డాక్టరమ్మ వచ్చి గోడకు అరచెయ్యి ఆనించి చూసి, ఏమీ అనకుండా చేతులు కడుక్కుని కాన్పుల గదిలోకి వెళ్లిపోయారు. ఆవిడ మెచ్చుకోవడం అంటే అదే.

తొలకరి వచ్చింది. గోడ తడిసింది, గది తడవలేదు. శ్రావణికి మగపిల్లాడు ఆ వార్డులోనే పుట్టాడు. పుట్టగానే ఏడ్చాడు. సిస్టరుగారు వాణ్ని పిల్లల గదిలోకి తెచ్చి పొడి గోడ వైపు తిప్పి చూపించడం నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. ఆవిడ జీవితంలో అంతకన్నా సంతోషంగా ఉన్న రోజు నేను చూడలేదు.

శ్రావణమాసం ఆఖర్లో ఆవిడ రిటైరైంది.

ఆసుపత్రి ముందు షామియానా వేశారు. ఊరూరా జనం వచ్చారు, ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్లు పిల్లలను చంకనేసుకుని వచ్చారు. సిస్టరుగారిని గోడకు వీపు పెట్టి కుర్చీలో కూర్చోబెట్టి దండలు వేశారు. ఎప్పుడూ ముందు వరసలో కూర్చోనని మొండికేసే నారాయణమూర్తి గారు ఆ రోజు ముందు వరసలో కూర్చున్నారు. పాటల బృందం లేచి పాడుతుండగా ఎక్కడో గరగరమని చప్పుడైంది. జనరేటరేమో అనుకున్నాను. సిస్టరుగారు మాత్రం ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. ఆ చప్పుడు ఆవిడకు తెలుసు. వెనక పైన గోడకు పెద్ద పరదా కట్టి ఉంది. ఏదో బ్యానరనుకున్నాం అందరం.

పాట అయిపోయాక విక్టర్ గారు మైకు తీసుకున్నారు.

"అందరికన్నా ముందు తన భర్త రాయి తీయించిన తల్లి ఈవిడ. ఈవిడ మాటకు మనందరం మన పేర్లు దించుకున్నాం. గోడ బోసిగా ఉంది. ఆ గోడ మీద ఒక్క పేరుండాలంటే అది ఎవరిదుండాలి?"

పరదా లాగారు. మా ఊళ్లో ఎవరూ పెట్టించనంత పెద్ద టెక్కలి రాయి. బంగారు రంగు అక్షరాలు. తల్లుల తల్లి సిస్టర్ పరంజ్యోతి. సరిగ్గా పిల్లల గదికి బయట వైపున. పాట మధ్యలో పరదా చాటున డ్రిల్లింగు మిషను పెట్టింది దాని ఆఖరి బోల్టు కోసమే.

చప్పట్లు ఆగలేదు. ఆవిడ మెల్లగా లేచి మైకు దగ్గరకొచ్చింది. దండలు తీసి కుర్చీలో పెట్టింది.

"ఆ రాయి తియ్యండి బాబూ. ఇప్పుడే తియ్యండి. గోడ తడిసిపోతాది."

ముందుకన్నా గట్టిగా చప్పట్లు. నా పక్కనున్నావిడ కళ్లు తుడుచుకుంటూ, "ఎంత తగ్గింపు! ఎంత తగ్గింపు!" అంది. మా వాళ్లలో తగ్గింపు, అంటే వినయం, గలవాళ్లంటే దేవుడికి దగ్గరివాళ్లని లెక్క. పాస్టరుగారు లేచి, ఇంత తగ్గింపు గల దాసురాలిని మా మధ్య ఉంచినందుకు స్తోత్రమని ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నవాళ్లలో నారాయణమూర్తి గారు కూడా ఉన్నారు. ఆమెన్ అంటే ఏమిటో ఆయనకు తెలుసో తెలియదో గాని ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

ఆవిడ మైకు పట్టుకుని అలాగే నిలబడింది. ఆవిడ నోరు కదులుతోంది గాని ప్రార్థన మధ్యలో మాట్లాడే అలవాటు ఆవిడకు లేదు.

మర్నాడే విక్టర్ గారి ఇంటికి వెళ్లాం.

"ఒక్క రాయికి ఏటవుతాది సిస్టరుగారూ? బెజ్జాలకి సిలికాన్ జిగురు పెట్టించేను కూడా. మీరిలాగే అంటారని నాకు ముందే తెలుసు" అని ఆయన నవ్వుతూ నమస్కారం పెట్టారు.

"నాను తగ్గింపుకి అనడం నేదు విక్టర్ గారూ. నీళ్లు దిగతాయని అంటన్నాను."

"అదే కదండీ మీ గొప్ప."

ఇంకెలా చెప్పాలి? ఆవిడ అబద్ధమాడినా నమ్ముతారు, కోప్పడినా ప్రేమే అనుకుంటారు. ఈ ఒక్క మాట మాత్రం ఎవరికీ ఎక్కలేదు. మోహనకృష్ణకు ఫోను చేస్తే అతను లబలబలాడాడు. రాయి పెడుతున్నట్టు అతనితో ఎవరూ చెప్పలేదు. మనిషిని పంపుతానన్నాడు. గోపిని పంపాడు కూడా. కమిటీ మాట లేకుండా సన్మానం రాయి మీద చెయ్యి వేయనని గోపి నిచ్చెన దిగిపోయాడు. "ఆయమ్మ నా సెల్లెలికి పురుడోసింది. ఆయమ్మ పేరు నా సేత్తో పీకమంటారేటి?" అన్నాడు. నేను కమిటీ మీటింగుకు వెళ్లి గొంతు చించుకున్నాను. స్వర్ణకు సిస్టరుగారంటే కుళ్లని చెప్పుకున్నారు. ఆఖరికి నారాయణమూర్తి గారి దగ్గరకు కూడా వెళ్లాను. ఆయన తలూపుతూ విని, "నా మనవడి సేత ఆ రాయికి దండం పెట్టిస్తన్నామమ్మా" అన్నాడు.

ప్రేమకు అడ్డం నిలబడటం కన్నా పగకు అడ్డం నిలబడటం తేలిక.

దసరా దాటాక వాయుగుండం పట్టింది. తూర్పు నుంచి గాలి, గాలి వెంట వాన. పగలంతా గోడకు ఎదురు కొట్టింది. పిల్లల గదిలో పైన ఒక మూల చెమ్మ కనపడింది, చూస్తుండగా ఇంకో మూల, తరవాత కింద రెండు చోట్ల. నాలుగు మూలలూ కలిస్తే సరిగ్గా ఆ రాయి అంత మేర. సాయంత్రానికి వార్మరు మీద బొట్లు పడ్డాయి. కరెంటు తీసేశాం. పిల్లలను తల్లుల గుండెల మీద పెట్టాం. డాక్టరమ్మ మర్నాడు వచ్చి గోడకు అరచెయ్యి ఆనించారు. తడి చెయ్యి నాకు చూపించారు. ఆవిడ కళ్లలో కోపం లేదు, అలసట ఉంది.

"ఇక నన్ను పిలవకండి స్వర్ణా."

వార్మర్లు ఇంకో ఆసుపత్రికి వెళ్లిపోయాయి. మంచాలు ఒకదాని మీద ఒకటి పేర్చారు. నన్ను కింద ఓపీ చీటీల దగ్గర కూర్చోబెట్టారు. గోడ బాగుచేయించి మళ్లీ తెరుస్తామని విక్టర్ గారు చర్చిలో ప్రకటించారు. బాగుచేయాలంటే ముందు ఏమి తీయాలో ప్రకటించలేదు. రాయి అలాగే ఉంది. వార్డు మూతపడినందుకు అందరికీ బాధే. ఆ బాధలో కొందరు ఆ రాయికి పూలదండ కూడా వేశారు.

అప్పటినుంచి వాన పడితే చాలు, సిస్టరుగారు క్వార్టరు నుంచి గొడుగేసుకుని వచ్చి గోడ ముందు నిలబడుతుంది. ఎందుకని అడగను. రిటైరైన మనిషి, కూర్చోబెట్టి కాఫీ ఇవ్వాలనిపిస్తుంది. పిలిస్తే రాదు.

కార్తీకంలో అలాంటి ఒక పొద్దున, నేను చీటీలు రాస్తున్నాను. వాన కురుస్తోంది. గేటు దగ్గర ఆటో ఆగింది. కూర్మయ్య పరుగెత్తి, వార్డు లేదు, శ్రీకాకుళం పొమ్మని చేతులూపుతున్నాడు. ఆటోలోంచి ఒక ముసలామె దిగి, గొడుగు కింద నిలబడ్డ సిస్టరుగారిని చూసి పరుగు పరుగున వచ్చింది. అవతలి ఊరి దేముడమ్మ. ఆమె కాన్పులన్నీ ఇక్కడే అయ్యాయి.

"నర్సమ్మా! దేవుడిలాగ దొరికినావమ్మా. కోడలికి తెల్లారగట్ల నుంచి నొప్పులు. నా కొడుకు నీ సేతిలోనే పుట్టేడు కదా. తలుపు తియ్యమని సెప్పమ్మా!"

సిస్టరుగారు ఆటోలోకి వంగి ఆ పిల్ల కడుపు మీద చెయ్యి వేసి చూసింది. నేనూ తడుస్తూ వెళ్లాను. చూస్తూనే ఆవిడ మొహం మారింది.

"బిడ్డ అడ్డంగా ఉన్నాది. ఇక్కడ డాక్టరమ్మ నేదు, కరెంటు నేదు. శ్రీకాకుళం ఎల్లాల. పద, నానూ వస్తాను."

"గెడ్డ పొంగిందంటన్నారమ్మా!"

"ఎల్లి సూద్దాం. పద."

దేముడమ్మ కదల్లేదు. వానకు చేతులు అడ్డం పెట్టుకుని తలెత్తి గోడ వంక చూసింది. మూసిన కిటికీలు, వాటి పక్కన నీళ్లు కారుతున్న నల్లరాయి, దానిమీద మెరిసే అక్షరాలు. ఆమెకు చదువు రాదు.

"ఇంత పెద్ద ఆసుపత్రి ఉంచుకుని తలుపులేసేరేటమ్మా? ఆ రాతి మీద ఏటి రాసేరు?"

సిస్టరుగారు గొడుగు ముడిచి నా చేతికిచ్చింది. ఆటో ఎక్కి ఆ పిల్ల తల ఒళ్లో పెట్టుకుంది.

"ఇక్కడ పురుళ్లు పొయ్యరని రాసేరు తల్లీ. ఎక్కు."